పొడుగు మాటని ఎక్కడ కొయ్యాలి?

1986లో మా అక్క కూతురికి ఆరేళ్ళు. ఒకరోజు స్నానం చేయిస్తుంటే పిల్ల కాళ్ళ మీద వంకాయ రంగు మచ్చలు కనబడ్డాయి. దెబ్బ తగల్లేదు, జ్వరం లేదు. రెండు రోజుల్లో మచ్చలు చేతులకీ పాకాయి, చిగుళ్ళ నుంచి కొంచెం రక్తం వచ్చింది. పెద్దాసుపత్రికి పరుగెత్తారు. అక్కడ రక్తపరీక్ష చేసి, డాక్టరు చీటీ మీద మూడు మాటలు రాసి, "కంగారు పడకండి, వారం తరవాత తీసుకురండి" అని పంపేశాడు. ఆ మూడు మాటలు ఇవీ: ఇడియోపతిక్ త్రాంబోసైటోపీనిక్ పర్‌ప్యూరా.

మచ్చల కంటే ఆ చీటీయే మా ఇంట్లో ఎక్కువ భయం పెట్టింది. మా బావ పదో తరగతి దాకా చదివాడు, ఇంగ్లీషు పేపరు కూడబలుక్కుంటూ చదవగలడు. రెండో మాట దగ్గర మూడుసార్లు ఆగిపోయి, "ఇంత పొడుగు పేరున్న జబ్బుకి మందుంటుందా?" అన్నాడు. అక్క ఏడుపు మొదలుపెట్టింది. సాయంత్రానికి వెనక వీధిలో తాయెత్తులు కట్టేవాడు ఇంటికొచ్చాడు. మూడు వందలు అడిగాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

నేను అప్పుడు సికింద్రాబాదులో డిఫెన్స్ అకౌంట్స్‌లో ఆడిటర్ని. చదివింది బీకాం. వైద్యం సంగతి నాకేమీ తెలియదు. అయితే మా పనిలో ఒక అలవాటుంది. మొత్తం చూసి బెదిరిపోకూడదు, వోచర్లు విడివిడిగా చూడాలి. మర్నాడు ఆఫీసులో ఛాంబర్స్ డిక్షనరీ తీసి, ఆ మూడు మాటల్ని కాగితం మీద ముక్కలు చేశాను. ఇడియోస్ అంటే గ్రీకులో 'తనదైన'. పతోస్ అంటే బాధ. రెండూ కలిసి 'తనంతట తాను వచ్చిన బాధ', వైద్యుల వాడుకలో 'కారణం తెలియదు' అని. త్రాంబోస్ అంటే గడ్డ. కైటోస్ అంటే గిన్నె, శాస్త్రజ్ఞులు దాన్ని కణానికి వాడుకున్నారు. పెనియా అంటే పేదరికం. పర్‌ప్యూరా అంటే లాటిన్‌లో ఊదా రంగు. అంటే డాక్టరుగారు రాసింది ఇంతే: ఎందుకో తెలియదు గాని, రక్తం గడ్డకట్టించే కణాలు తగ్గాయి, ఊదా మచ్చలు వచ్చాయి.

అక్కకి చదివి చెప్పాను. శ్రద్ధగా విని, "ఇంతేనా తమ్ముడూ? మరి జబ్బు పేరేమిటి?" అంది.

దాని సంగతి చివర్లో చెబుతాను. అప్పటినుంచీ పొడుగు ఇంగ్లీషు మాట కనబడితే కొయ్యడం నాకు అలవాటైపోయింది. కోస్తూ పోగా తెలిసిందేమిటంటే, ఒకే మాటని కొయ్యడానికి మూడు పద్ధతులున్నాయి. నోటితో పలికే సిలబుల్స్‌గా కొయ్యడం ఒకటి. ఏ సిలబుల్ మీద గొంతు బరువు పడుతుందో చూడడం రెండోది. దీన్ని ఇంగ్లీషులో స్ట్రెస్ అంటారు, నేను ఊనిక అంటాను. ఏ భాషలోంచి ఏ ముక్క వచ్చిందో, అంటే ధాతువు, ఉపసర్గ, ప్రత్యయం విడదీయడం మూడోది. ఈ మూడు కోతలూ ఒకే చోట పడవు.

మనకిది కొత్త కాదు. బళ్ళో సూర్యోదయం అన్నమాటని పలికితే సూ, ర్యో, ద, యం. సంధి విడదీస్తే సూర్య, ఉదయం. అతుకు ఎక్కడుందో చూడండి, 'ర్యో' అనే అక్షరం కడుపులో వుంది. పద్యంలో గణవిభజన చేస్తే ఇంకో చోట తెగుతుంది. గణాలు మాట మధ్యలో తెగాయని ఏ తెలుగు మాస్టారూ కంగారు పడడు. ఇంగ్లీషు మాట దగ్గరకి వచ్చేసరికి మనం ఈ తెలివిని బడిలోనే వదిలేసి వస్తాం.

ఇంగ్లీషు వాళ్ళే దీని మీద చాలాకాలం కొట్టుకున్నారు. 1740లో థామస్ డిల్వర్త్ అనే ఇంగ్లండు పంతులు ఒక స్పెల్లింగు పుస్తకం రాశాడు. సముద్రం దాటి అమెరికా బళ్ళలో కూడా అదే చెప్పేవారు. అందులో క్లస్టర్ అనే మాటని 'క్లు-స్టర్' అని, హ్యాబిట్‌ని 'హ-బిట్' అని కోశాడు. హల్లు తరవాతి అచ్చుతో పోవాలన్నది లాటిన్ వ్యాకరణం నుంచి వచ్చిన పద్ధతి. మన గుణింతం కూడా అంతే కాబట్టి మనకి డిల్వర్తే నచ్చుతాడు! కాని పిల్లవాడు 'హ-బిట్' అని కూడబలుక్కుంటే, నిజంగా జనం పలికే మాట రాదు. 1783లో కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో నోవా వెబ్‌స్టర్ అనే కుర్ర పంతులు దీన్ని తిరగేశాడు. నోరు ఎక్కడ ఆగుతుందో అక్కడే కొయ్యాలి, క్లస్-టర్, హ్యాబ్-ఇట్ అన్నాడు. నేషన్, సాల్వేషన్ లాంటి మాటల చివరి ముక్కని డిల్వర్త్ రెండు సిలబుల్స్‌గా లెక్కపెట్టేవాడు. వెబ్‌స్టర్ ఒకటే అన్నాడు. జనం అప్పటికే 'షన్' అంటున్నారు, పుస్తకం మాత్రం పాత లెక్క చూపిస్తోంది. నీలి అట్టతో వచ్చిన ఆయన పుస్తకం 19వ శతాబ్దంలో కోట్ల కాపీలు అమ్ముడుపోయింది.

ఈ తగాదా ఇంకా పూర్తిగా తీరలేదు. డెమోక్రసీ అనే మాట పంక్తి చివర పట్టకపోతే ఎక్కడ విరవాలి? పాత బ్రిటిష్ అచ్చుపని వాళ్ళు పుట్టుక చూసి 'డెమో-క్రసీ' అంటారు, డెమోస్ అంటే జనం, క్రాటోస్ అంటే అధికారం. అమెరికా వాళ్ళు చెవిని బట్టి 'డెమాక్-రసీ' అంటారు. అధికారం అన్న ముక్క తల తెగి జనం వైపు వుండిపోతుంది, ఏమీ కాదు, అది అచ్చు సౌకర్యం మాత్రమే. కంప్యూటర్లకి ఈ పని నేర్పింది స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్లిన్ లియాంగ్, 1983 నాటి థీసిస్‌లో. డొనాల్డ్ నూత్ తయారుచేసిన టెక్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాం కోసం. 4447 అక్షరాల నమూనాలతో నిఘంటువులోని విరుపుల్లో 89 శాతం పట్టుకోగలిగాడు. యంత్రానికి గ్రీకూ రాదు, లాటినూ రాదు. అక్షరాల పొరుగుని బట్టి పోతుందంతే.

హెలికాప్టర్ని తీసుకోండి. సర్వీసులో ఈ మాట వున్న బిల్లులు ఎన్ని పాస్ చేశానో లెక్కలేదు. హెలి అంటే ఏదో, కాప్టర్ అంటే ఏదో అనుకునేవాణ్ణి. హెలిపాడ్, హెలిపోర్ట్ అనే మాటలు పుట్టించినవాళ్ళూ అలాగే కోశారు. అసలు అతుకు అక్కడ లేదు. 1861లో పాంటన్ దామెకూర్ అనే ఫ్రెంచాయన గ్రీకులోంచి రెండు ముక్కలు తెచ్చి అతికించాడు: మరలాగా తిరిగే వంపుకి 'హెలికో', రెక్కకి 'ప్టెర్'. నాలుక 'ప్ట' అనలేక ఆ 'ప'ని ముందు సిలబుల్‌కి అంటగట్టేసింది. తప్పు కోత మీద కట్టిన హెలిపాడ్ మీద హెలికాప్టర్ నిక్షేపంగా దిగుతోంది. మాట పుట్టుక వేరు, వాడుక వేరు.

ఊనిక సంగతి మనవాళ్ళకి మరీ కష్టం. తెలుగులో దీర్ఘం తీస్తే అర్థం మారుతుంది, పలు వేరు, పాలు వేరు. గొంతు బరువు మారితే ఏమీ మారదు. ఇంగ్లీషులో ఫొటోగ్రాఫ్‌కి మొదటి సిలబుల్ మీద, ఫొటోగ్రఫర్‌కి రెండోదాని మీద, ఫొటోగ్రాఫిక్‌కి మూడోదాని మీద బరువు పడుతుంది. ముక్కలు అవే, బరువు మాత్రం కుడివైపు జరుగుతూ పోతుంది. చివర 'ఇక్', 'షన్', 'ఇటీ' వుంటే బరువు దాదాపు ఎప్పుడూ దానికి ముందు సిలబుల్ మీదే. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో మాట మీద గుర్తుపెట్టి ఊనిక చూపించాడు. 1791లో జాన్ వాకర్ ఒక్కో అచ్చు మీద అంకెలు కూడా వేసి ఉచ్చారణ నిఘంటువు తెచ్చాడు. మన ఇంగ్లీషు బయటివాళ్ళకి ఎందుకు అర్థం కావడం లేదో హైదరాబాదులోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఆర్.కె. బన్సల్ పరిశోధించి 1969లో పుస్తకం వేశారు. ఆయన చెప్పిన ముఖ్య కారణాల్లో ఊనిక తప్పడం ఒకటి. నేను ఉద్యోగమంతా 'సూపరాన్యుయేషన్' అనే మాటకి మొదటి సిలబుల్ మీదే బరువు పెట్టి పలికాను. రిటైరయ్యాక తెలిసింది బరువు 'ఏ' మీద వుండాలని. పెన్షన్ మాత్రం సరిగ్గానే వస్తోంది.

నవ్వుకోవడానికి ఇంతవరకూ బాగానే వుంది. ఈ మూడు కోతల్ని కలగాపులగం చేస్తే మోసం ఎలా పుడుతుందో చూడండి.

2000 తరవాత ఈమెయిళ్ళలో, ఇప్పుడు వాట్సాప్‌లో తిరిగే ఒక సందేశం మీలో చాలామందికి వచ్చే వుంటుంది. నేవిగేషన్ అనే మాట సంస్కృతంలోని 'నవగతిః' నుంచి పుట్టిందట, కాబట్టి నౌకాయానం ఆరువేల ఏళ్ళ కిందట సింధు నదిలో పుట్టిందట. మా కాలనీలో ఇంజినీరు చదివిన ఒకాయన దీన్ని చాలా గర్వంగా చదివి వినిపించాడు. వినడానికి ఎంత బాగా అతికిందో! నేవి-గే-షన్. ఊనిక సరిగ్గా 'గే' మీద పడుతుంది కాబట్టి మన చెవికి 'గతి' వినబడుతుంది. కాని అది నోటి కోత, పుట్టుక కోత కాదు. లాటిన్‌లో నావిస్ అంటే ఓడ, అగెరే అంటే నడపడం. రెండూ కలిసి నావిగారే. అతుకు 'నావ్' తరవాత, ఇగ్ అన్నదే అగెరే. ఆ తరవాత 'ఏషన్' వట్టి ప్రత్యయం. మనవాళ్ళు 'గతి' అనుకున్నది నడపడంలోని గకారానికి ప్రత్యయం తల అతికిస్తే వచ్చిన ముక్క. ఇంకో సంగతి, సంస్కృతమే ఒప్పుకోదు. ఓడకి మాట నౌ. నౌ పక్కన గతి పెడితే నౌగతి అవుతుంది. అచ్చు ముందయితే ఆవ్ అవుతుంది, నావికుడు అందుకే. నవగతి అంటే కొత్త నడక.

ఇందులో సగం నిజం వుంది, చిక్కంతా అక్కడే. సంస్కృతంలోని నౌ, గ్రీకులోని నౌస్, లాటిన్‌లోని నావిస్ మూడూ అక్కాచెల్లెళ్ళు. నడపడం అనే అగెరేకి కూడా సంస్కృతంలో 'అజ్' అనే ధాతువు తోబుట్టువే. చెల్లెలు తల్లి కాదు కదా. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పింది ఈ మాటే, ఈ మూడు భాషలూ బహుశా ఇప్పుడు లేని ఒకే మూలం నుంచి వచ్చాయని. 1822లో జేకబ్ గ్రిమ్ దానికి లెక్క చూపించాడు. పితృలో, లాటిన్ పాటెర్‌లో వున్న ప ఇంగ్లీషులో ఫాదర్‌లో ఫ అయింది. పాదం, లాటిన్ పెద్, ఇంగ్లీషు ఫుట్ దగ్గరా అంతే. ఒక్క మాటలో పోలిక దొరికితే సరిపోదు, వరసగా ప్రతి మాటలోనూ అదే మార్పు కనబడాలి. ఒక్క వోచరు చూపించి ఖాతా సరిపోయిందంటే ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు? క్రిస్టియానిటీ అంటే కృష్ణనీతి అనీ, వాటికన్ అంటే వాటిక అనీ పి.ఎన్. ఓక్ పుస్తకాలకి పుస్తకాలు రాశాడు. క్రీస్తు అన్న మాట గ్రీకులో 'అభిషిక్తుడు', కృష్ణ అంటే నల్లనివాడు. చప్పుడు కలిసింది, అంతే.

తెలుగు విషయంలో ఇదే పరీక్ష 1816లోనే జరిగింది. దక్షిణాది భాషలన్నీ సంస్కృతం నుంచి పుట్టాయని దొరలూ పండితులూ చాలామంది అనుకునే రోజుల్లో, మద్రాసు కలెక్టరు ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ఒక ముందుమాట జోడించాడు. పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల జాబితా ముందు పెట్టుకుని, వాటి పక్కన తమిళ, కన్నడ ధాతువులు వేసి చూపించాడు. అరువు తెచ్చుకున్న తత్సమాలు పక్కన పెడితే, మిగిలిన ధాతువులు ఈ భాషలు ఒకదానితో ఒకటి పంచుకున్నవే గాని సంస్కృతానివి కావు. కోత సరిగ్గా పడితే గర్వానికి పనికొచ్చే జవాబే రావాలని లేదు.

ఇప్పుడు మన హేతువాదులకి దగ్గరైన మాట ఒకటి. 28 అక్షరాల ఆంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం. క్విజ్ పోటీల్లో దీన్ని గడగడా చదివే పిల్లలకి చప్పట్లు కొడతారు. నోటి లెక్కన పన్నెండు సిలబుల్స్, ఊనిక 'టే' మీద. పుట్టుక లెక్కన కోస్తే ఆరు ముక్కలే, నడుమ వున్న 'ఎస్టాబ్లిష్' గట్టి ముక్క. ఇంగ్లండులో రాజు 1534లో చర్చికి అధిపతి అయ్యాక, ఆ చర్చిని 'ఎస్టాబ్లిష్డ్' అన్నారు, అంటే ప్రభుత్వ మతం. దాన్ని తీసెయ్యాలనడం డిస్‌ఎస్టాబ్లిష్‌మెంట్. తీసెయ్యకూడదు అని అడ్డుపడేవాడి వాదం ఆంటీ తగిలించిన ఈ రైలుబండి. ఐర్లండులో జనం ఎక్కువమంది కేథలిక్కులు, ప్రభుత్వ చర్చి మాత్రం ప్రొటెస్టెంటు. గ్లాడ్‌స్టన్ 1869లో చట్టం తెచ్చి 1871 జనవరి 1 నుంచి దాన్ని విడగొట్టాడు. వేల్స్‌లో చట్టం 1914లో వచ్చి 1920లో అమలయింది. ఇంగ్లండులో ఇప్పటికీ విడగొట్టలేదు.

ఈ గొడవ మనది కాదనుకోకండి. ఆ చర్చి మన ఖాతాలో కూడా వుండేది. 1813 చార్టర్ చట్టంతో కలకత్తాకి బిషప్పు వచ్చాడు, జీతం ఇండియా ఆదాయం నుంచే. తరవాత మద్రాసు, బొంబాయి. పాత బడ్జెట్లలో 'ఎక్లీజియాస్టికల్' అని ఒక పద్దు వుంటుంది, నేను మొదటిసారి చూసినప్పుడు అదేదో ఆయుధం పేరనుకున్నాను. ఎక్లీసియా అంటే గ్రీకులో సభ, తరవాత చర్చి. దొరల సైన్యానికీ అధికార్లకీ ప్రార్థనలు చేయించే పాదిరీల ఖర్చు అది. 1927లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, 1930 నుంచి ఇక్కడి చర్చిని ఇంగ్లండు చర్చి నుంచి విడగొట్టింది. అంటే కాగితం మీద డిస్‌ఎస్టాబ్లిష్‌మెంటు అయిపోయింది. పద్దు మాత్రం పోలేదు! 1935 గవర్నమెంట్ ఆఫ్ ఇండియా చట్టం తీసి చూడండి. రక్షణ, విదేశాంగం పక్కనే చర్చి వ్యవహారాలని కూడా గవర్నర్ జనరల్ సొంత విచక్షణకి వదిలేశారు. శాసనసభ ఓటు అక్కర్లేని ఖర్చుల్లో దాన్ని చేర్చి, పెన్షన్లు కాక ఏడాదికి 42 లక్షల రూపాయలు మించకూడదని రాశారు. చట్టంలోని ఫెడరేషన్ భాగం ఎప్పుడూ అమలు కాలేదు గాని, ఆ పద్దు స్వాతంత్ర్యం దాకా నడిచింది. రక్షణ ఖర్చు మీద ఓటు లేకపోవడం గురించి మా శాఖలో పెద్దవాళ్ళు కథలు కథలుగా చెప్పేవారు. పక్కన కూర్చున్న ఈ పాదిరీ ఖర్చు గురించి ఒక్కరూ చెప్పలేదు. వివిధ మతాల రైతుల శిస్తులోంచి ఒకే మతానికి జీతాలు. ఒక మతాన్ని పోషించడానికి ఎవరూ పన్ను కట్టనక్కర్లేదని మన రాజ్యాంగం 27వ అధికరణంలో రాసుకున్నాం. ఆలయాలకీ యాత్రలకీ సబ్సిడీల చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ 42 లక్షలు గుర్తొస్తాయి.

డిక్షనరీలో అన్నిటికంటే పొడుగని చెప్పే 45 అక్షరాల మాట, న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవల్కనోకోనియోసిస్, ఇలాంటి చరిత్ర వున్నది కాదు. 1935లో అమెరికా పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడుగు కోసమే దాన్ని కట్టాడు. కోస్తే ఊపిరితిత్తి, సూక్ష్మం, సిలికా, అగ్నిపర్వతం, ధూళి వస్తాయి. అసలు డాక్టర్లు వాడే మాట సిలికోసిస్. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలకబలపాలు కోసే కార్మికులు ఆ ధూళి పీల్చి చిన్న వయసులోనే పోయారు. మన తరం అక్షరాలు దిద్దుకున్నది అలాంటి బలపాలతోనే. పొడుగు మాట క్విజ్ పిల్లలకి వచ్చు, పొట్టిది రాదు.

ఇక మా మేనకోడలి చీటీ. 'పతోస్' ముక్క వైద్యంలో ఎన్ని వేషాలు వేసిందో తరవాత తెలిసింది. హోమియోపతి అని పేరు పెట్టుకున్న హానెమాన్, తనకి నచ్చని మిగతా వైద్యానికి 'వేరే బాధ' అనే అర్థంలో అల్లోపతి అని పేరు తగిలించాడు. ఎదుటిపక్షం తిట్టుగా పెట్టిన పేరుని మన దేశంలో డాక్టర్లే బోర్డుల మీద రాసుకుంటున్నారు. ఇడియోపతిక్ అయితే నిజాయితీ గల మాటే, తెలియదు అని ఒప్పుకుంటుంది. కాని గ్రీకులో ఒప్పుకోవడం వల్ల రోగికి వినబడదు.

తెలియకపోవడం కూడా ఎక్కువకాలం లేదు. 1950లో సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు, ఈ జబ్బున్న రోగి రక్తాన్ని తనకే ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లో ఆయన ప్లేట్‌లెట్లు దాదాపు లేకుండా పోయాయి, ఫిట్సు వచ్చింది, కొద్ది రోజులకి కోలుకున్నాడు. రోగి రక్తంలోనే వున్న ఏదో పదార్థం కణాల్ని చంపుతోందని 1951లో అచ్చయింది. ఆ తరవాత అది శరీరం తన కణాల మీద తానే చేసుకునే యాంటీబాడీలని తేలింది. అయినా మా చీటీ మీద 1986లో ఇడియోపతిక్ అనే వుంది. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఆ ముక్క కోసేసి, 'ఇమ్యూన్ త్రాంబోసైటోపీనియా' అని మార్చింది. చాలామంది రోగులకి మచ్చలే వుండవు కాబట్టి పర్‌ప్యూరా కూడా తీసేశారు. ఐటీపీ అనే పొట్టి పేరు మాత్రం అలాగే వుంచారు, లోపల అక్షరాల అర్థం మారింది.

పిల్లల్లో ఈ జబ్బు ఎక్కువమందికి కొన్ని వారాల్లో, నెలల్లో దానంతట అదే తగ్గిపోతుంది. మా పిల్లకీ రెండు నెలల్లో మచ్చలు పోయాయి. వారం వారం రక్తపరీక్షకి తీసుకెళ్ళడానికి బావని ఒప్పించగలిగాను, తాయెత్తు కట్టకుండా ఆపలేకపోయాను. పేరు తాయెత్తువాడికే దక్కింది. ఆ మరుసటి నెలలో ఇంకో ఇద్దరు మా వీధి నుంచే వాడి దగ్గరకి వెళ్ళారు, అందులో ఒకరిది పచ్చకామెర్లు. ఆయన తిరిగి రాలేదు.

పేరు మార్చిన సంగతి చదివిన రోజు అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "అప్పుడు నువ్వు చెప్పినదాంట్లో ఎందుకో తెలియదు అన్న ముక్క వుంది కదా, అది తీసేశారా?" అంది. తీసేశారన్నాను. తాయెత్తు ఇంకా దేవుడి గూట్లోనే వుందిట, పారెయ్యడానికి మనసొప్పడం లేదంది.